మన గాలికి లెక్క యేది?

కేంద్ర ప్రభుత్వమువారు 2019 జనవరిలో జాతీయ వాయుశుద్ధి కార్యక్రమమును ప్రకటించిరి. వాయుప్రమాణములను అందుకొనజాలని పురముల పట్టికలో ఆంధ్రప్రదేశమునకు చెందినవి 13 చేరినవి. వానిలో విశాఖపట్టణ ముండుటలో వింత లేదు. రేవు, ఉక్కు కర్మాగారము, చమురుశుద్ధి కర్మాగారము గల మహానగర మది. కాని శ్రీకాకుళము, విజయనగరము కూడ అందులో చేరినవని విన్న పాఠకులు పెక్కుమంది ఆశ్చర్యపడుదురు. ఢిల్లీ నగరపు వ్యాధి నాగావళీ తీరమునకు, గజపతుల కోట నీడకు ఎట్లు వచ్చెనని వా రడుగవచ్చును. వచ్చిన మాట నిజము. ఎంత వచ్చినది, ఏ వీధికి వచ్చినది యనుటయే తేలవలసియున్నది.

ధూళి యన్నంతనే అంతయు నొక్కటి కాదు. మిల్లీమీటరులో వెయ్యవ వంతు ఒక మైక్రాను. 10 మైక్రాన్లకు మించని ధూళి నొక లెక్కగను, రెండున్నర మైక్రాన్లకు మించని సూక్ష్మధూళిని వేరొక లెక్కగను శాస్త్రజ్ఞులు గణింతురు. ఈ రెండవది తలవెండ్రుక మందములో సుమారు 30వ వంతు. ముక్కు దాని నాపజాలదు. అది ఊపిరితిత్తుల లోతట్టునకు పోయి, అచటినుండి రక్తములోనికిని చొరబడును. గుండెజబ్బులకు, పక్షవాతమునకు, శ్వాసకోశవ్యాధులకు అది హేతువగుచున్నదని వైద్యులు చెప్పుచున్నారు. బాటపై లేచు దుమ్ము చాలవరకు ముతకది. చెత్తమంటలు, డీజిలు బండ్లు, కట్టెపొయ్యిలు, బొగ్గు కాల్చు కర్మాగారములు వెలిగ్రక్కు పొగ సూక్ష్మమైనది.

ఇట్లుండగా 2025-26 నాటికి 40 శాతము తగ్గింపవలెనని పెట్టిన లక్ష్యము 10 మైక్రాన్ల ధూళికి సంబంధించినది. బాటలు ఊడ్చి నీరు చల్లినచో ఆ యంకె దిగవచ్చును, పొగ దిగదు. పద్దు చక్కబడును గాని ప్రజల ఊపిరి చక్కబడదు. అదియునుగాక, సూక్ష్మధూళి ఘనమీటరు గాలికి సాలుసరిన 40 మైక్రోగ్రాములు మించరాదని 2009లో మన దేశప్రమాణమును నిర్ణయించిరి. ప్రపంచారోగ్యసంస్థవారు 2021లో సూచించిన మితి 5 మాత్రమే. మనవారు నిర్దోషమని త్రోసివేయు గాలి, ఆ సంస్థ లెక్కలో మితికి 8 రెట్లు మలినమై యుండవచ్చునన్నమాట!

ఇక కొలుచు విధానము. వడపోతకాగితమును తూచి యంత్రమున నుంచి, 24 గంటలు గాలిని పీల్పించి, మరల తూచుట పాతపద్ధతి. వారమునకు రెండు దినములు చొప్పున ఏటికి 104 పర్యాయములు కొలిచిన చాలునని నిబంధన. భోగినాటి పొగ ఆ దినములలో పడకపోయినచో అది లెక్కకే రాదు. కొలిచిన దినమునందైనను, ఉదయమున బండ్ల రద్దీలో ఎంత, అర్ధరాత్రమున ఎంత యన్నది ఆ కాగితము చెప్పదు. స్థలమును గూర్చియు నింతియే. ఒక మేడమీది యంత్రము విజయనగరపు గంటస్తంభముచెంత చిల్లరవర్తకుడు పీల్చు గాలిని గాని, శ్రీకాకుళపు ఏడురోడ్ల కూడలిలో నిలుచు పోలీసుజవాను పీల్చు గాలిని గాని ఎరుగదు. పట్టణము దాటినచో పలాసలో జీడిపిక్కలు కాల్చు పొగ యున్నది; బొబ్బిలి, గరివిడి ప్రాంతముల లోహమిశ్రమ కర్మాగారము లున్నవి. అచటి కూలి ఊపిరికి లెక్క యేది?

వ్యయ మెక్కువయని అధికారులు చెప్పవచ్చును. నిరంతరము కొలుచు పెద్దయంత్రములు ఖరీదైనవే. కాని వెలుతురు చెదరుటను బట్టి ధూళిని గణించు చిన్నపరికరములు నేడు సులభవెలకు లభించుచున్నవి. వానికి లోప మొకటి కలదు: సముద్రతీరపు చెమ్మలో రేణువు లుబ్బి, ఉన్నదానికంటె హెచ్చు చూపును. అందుచే ప్రతి ఋతువునందును పెద్దయంత్రము ప్రక్కనుంచి వానిని సరిదిద్దవలెను. ఈ పని ఎచ్చెర్లలోని అంబేద్కరు విశ్వవిద్యాలయమునకును, విజయనగరములోని గురజాడ సాంకేతిక విశ్వవిద్యాలయమునకును అప్పగింపవచ్చును. విద్యార్థులకు విద్యయు, ప్రజలకు లెక్కయు ఒక్కమారే సమకూడును.

మేము కోరున దిది. పాఠశాలలకడ, ఆసుపత్రులకడ, బస్సునిలయములకడ, కర్మాగారముల పొరుగుపేటలలో సూక్ష్మధూళిని ప్రతిదినము కొలువవలెను. ఆ యంకెలను తేటతెలుగున పురపాలకసంఘ కార్యాలయముల ముంగిట వ్రాసియుంచవలెను. ఏ పొగగొట్టమునుండి ఎంత వచ్చుచున్నదో తేల్చి, పిమ్మట చర్యకు పూనుకొనవలెను. అంకెలు వెల్లడించినచో ప్రజలు బెదరుదురని కొంద రందురు. తూకము చూపని కొట్టువానిని మన ఇల్లాండ్రు నమ్మరు. దినమునకు వేలకొలది మారులు మనము లోనికి గొను గాలి విషయమున తూకమడుగుట అపరాధ మెట్లగును? వర్షము వెలిసి, చలికాలమున గాలి నేలనంటి నిలుచు దినములు ఏటేట వచ్చుచునే యున్నవి. మరల రాకముందే రెండు జిల్లాల పురపాలకసంఘములును ఈ కార్యమునకు పూనుకొనుగాక.