పాఠకుడి మీద మోపిన నింద

పేపర్ల బంకు మూతపడిందంటే చాలు, అందరి నోటా ఒకటే మాట: "ఫోన్లొచ్చాక ఇంకెవరు చదువుతున్నారండీ!" ఈ మాట నేను ఒప్పుకోను. ఫోను కొందరిని లాక్కుపోయింది, నిజమే. అంతమాత్రాన నేరమంతా పాఠకుడిదేనా?

మా బస్టాండు పక్క బంకులో తాడు కట్టి, బట్టల క్లిప్పులతో వారపత్రికలు వేలాడదీసేవారు. బస్సు కోసం నిలబడ్డవాళ్లు ముఖచిత్రం చూసి, రెండు పేజీలు తిరగేసి, చిల్లర తీసేవారు. రోజూ వచ్చేవాళ్ల కాపీ బల్ల కింద దాచి ఉంచేవాడు బంకాయన. ఇవాళ అదే తాడుకు చిప్స్ ప్యాకెట్లు. ఎందుకని అడిగితే, "అడిగేవాళ్లు అడుగుతూనే ఉన్నారు సార్, పుస్తకాలే రావడం లేదు" అన్నాడు.

ముందు ఆగింది ఏమిటో చూడండి. 1947లో పుట్టిన చందమామను 2007లో ఒక కంపెనీ కొన్నది. ఆ కంపెనీ ఆర్థిక చిక్కుల్లో పడింది, పత్రిక ఆగిపోయింది. పిల్లలు కథలు వద్దన్నారా? నవ్య వీక్లీ 2020లో ఆగింది, తిరిగి రాలేదు. 1978 నుంచి వచ్చిన విపుల, చతుర పత్రికలు 2021లో ఆగిపోయాయి. ప్రకటనలు తగ్గాయి, కాగితం ధర పెరిగింది. నిర్వాహకుల కష్టం నాకూ తెలుసు. కానీ సరుకే ఆపేసి, కొనేవాడు లేడనడం అన్యాయం.

స్థలం సంగతీ అంతే. రోడ్డు వెడల్పు చేస్తే ముందు లేచిపోయేది పేవ్‌మెంటు మీద బంకే. బస్టాండులో షాపు ఎక్కువ అద్దె పాడినవాడికి. నాలుగు పేపర్ల కమీషన్‌తో బతికేవాడు కూల్‌డ్రింకుల వ్యాపారితో ఎక్కడ పోటీపడగలడు?

చదివేవాళ్లే లేకపోతే 1989 నుంచి విజయవాడ పుస్తక మహోత్సవానికి జనం ఎందుకు వస్తున్నట్టు? పుస్తకం కంటికి కనిపిస్తే చేయి దానంతటదే వెళ్తుంది. కనిపించని పత్రికను ఎవరు కొంటారు? పేరు తెలియని కొత్త పత్రికకు చందా ఎవరు కడతారు?

ఆర్టీసీ వారికి, మున్సిపాలిటీలకు నా విన్నపం ఒక్కటే: ప్రతి బస్టాండులో ఒక్క షాపు వేలంలో పెట్టకుండా, తక్కువ అద్దెకు, పత్రికలకే కేటాయించండి. పత్రికలవారూ, అక్కడికి పది కాపీలు పంపండి; మిగిలినవి వెనక్కి తీసుకోండి.