ముసుగు సరే... జడేదమ్మా?

‘ఏందే ఆ జుట్టు ఇరబోసుకోవటం? శుభమా అని పెళ్లి చేసుకుంటా!’

పెళ్లి నాలుగు రోజులుందనగా అద్దం ముందు ముసుగు పెట్టుకుని చూసుకుంటున్న మనవరాలిని నాయనమ్మ అడిగే మాట ఇది. ‘ఇప్పుడందరూ ఇట్టాగే వేసుకుంటున్నారు నాయనమ్మా’ అంటుంది పిల్ల. తల్లి ఎటూ చెప్పలేక బ్యుటీషియన్ వంక చూస్తుంది. మిర్చి అమ్మిన డబ్బులు చేతికొచ్చి, పత్తి చేలు ఖాళీ అయ్యాక గుంటూరు, ప్రకాశం పల్లెల్లో పెళ్లిళ్ల సందడి మొదలవుతుంది. చర్చిలో పెళ్లి జరిగే ఇళ్లలో ఈమధ్య జడ దగ్గరే పేచీ!

నాయనమ్మది చాదస్తమని కొట్టిపారేయడానికి లేదు. మన దగ్గర విరబోసిన జుట్టంటే చావింటి గుర్తు. భారతంలో ద్రౌపది జుట్టు ముడవకపోవడం అవమానానికీ పగకూ గుర్తు. పొద్దుగూకే వేళ ఆడపిల్ల జుట్టు వదిలేసుకుంటే ‘జడేసుకోవే’ అని కసరని ఇల్లుందా? మతం మారినా ఆ మాట మారలేదు.

అసలు ఈ తెల్ల ముసుగు ఎక్కణ్నుంచి వచ్చింది? 1840 ఫిబ్రవరి 10న విక్టోరియా రాణి తెల్ల శాటిన్ గౌనులో, లేసు ముసుగుతో పెళ్లి చేసుకుంది. పాశ్చాత్య దేశాల్లో అదే వరవడి అయింది. తర్వాత రెండేళ్లకు, 1842లో అమెరికన్ లూథరన్ మిషనరీ హయ్యర్ గుంటూరు చేరాడు. 1866లో బాప్టిస్టు మిషనరీ క్లౌ ఒంగోలు వచ్చాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అలా పెరిగిన సంఘాల్లో పెళ్లికూతురికి గౌను అతకలేదు. తెల్లచీర వచ్చింది, దానిమీదికి నెట్టు ముసుగు వచ్చింది. ప్రార్థనలో కొంగు తలమీదికి లాక్కునే అలవాటు ఉన్నదే కాబట్టి ముసుగు కొత్తగా అనిపించి ఉండదు.

కానీ తెలుపు? తెలుగునాట ఒకప్పుడు వితంతువు కట్టే రంగు అది! అలాంటి రంగునే పెళ్లిచీరగా ఒప్పుకున్నారు. జరీ అంచు కలిపి, మీగడ రంగు పట్టు తెచ్చి తమదిగా చేసుకున్నారు. తెలుపును ఒప్పుకున్న నాయనమ్మకు జుట్టు దగ్గరే ఎందుకు మనసొప్పడం లేదు? తెలుపుకు మూడు నాలుగు తరాలు పట్టింది మరి. జుట్టు మాటొచ్చి ఎన్నాళ్లయిందని!

తమాషా ఏంటంటే, ఇంగ్లండులో ఒకప్పుడు వదిలేసిన జుట్టే పెళ్లికూతురి గుర్తు. కన్నెపిల్ల అని దానర్థం. రాజు మొదటి జేమ్స్ కూతురు ఎలిజబెత్ 1613లో జుట్టు వీపు మీద వదిలేసుకునే పెళ్లాడింది. అక్కడ కన్నెతనం, ఇక్కడ కన్నీరు. జుట్టు మాత్రం అదే!

పేచీ పక్కనపెట్టి పనిలోకి వస్తే... పూర్తిగా వదిలేసిన జుట్టు మీద ముసుగు నిలవదు. ముసుగుకు కుట్టిన చిన్న దువ్వెన పళ్లు పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి. ఇన్నాళ్లూ ఆ పని ముడి చేసింది. ముడి లేనప్పుడు చెవుల పైనుంచి జుట్టు పాయ తీసుకుని, నడినెత్తి వెనక గట్టిగా ముడేసి, కింద సగం వదిలేయాలి. ఆ ముడికి కాస్త పైన లోపలివైపు జుట్టును వెనక్కి దువ్వి ఉబ్బెత్తు చేసి, అడ్డంగా రెండు పిన్నులు ఒకదానిమీదొకటి పెడితే గట్టి పీట తయారవుతుంది. దువ్వెనను ఆ పిన్నుల కిందకు గుచ్చాలి. ముసుగు తీసేటప్పుడు కూడా ముందు పిన్నులు లాగి, తర్వాతే దువ్వెన తీయాలి. లేదంటే జుట్టు ఊడొస్తుంది.

ఇంకో మాట. పెళ్లిరోజు పొద్దున తలస్నానం చేసిన జుట్టు జారిపోతుంది, పిన్ను నిలవదు. ముందురోజే కుంకుడుకాయో షాంపూయో పెట్టి కడుక్కుని, నూనె జోలికి వెళ్లకుండా ఉంటే చాలు. ముసుగు పొడవు జుట్టు చివర కంటే కనీసం జానెడు కిందికి ఉండాలి. లేకపోతే నెట్టు కింద చీపురు కట్ట వేలాడినట్టుంటుంది!

ఈ సగం ముడిలో ఇంకో సుఖముంది. నాయనమ్మ వెనకనుంచి చూస్తే ముడి కనిపిస్తుంది, ఫొటోలో చూస్తే వదిలేసిన జుట్టు కనిపిస్తుంది. పూలు పెట్టుకునే సంఘమైతే ఆ ముడి చుట్టూ నాలుగు మల్లెలు చుట్టమని ఆమె చేతికే ఇవ్వొచ్చు. ‘జుట్టు ముడేశాను కదే’ అనుకుంటుంది. కాదని ఎవరంటారు?

గుంటూరు మే నెల ఎండలో వదిలేసిన జుట్టు మెడకు అతుక్కుని చెమట కారిపోతుంది, ఎంత సోకు చేసినా. రెండు మూడు గంటల ఆరాధన, ప్రమాణాలు, ఉంగరాలు, ఆ తర్వాత ఫొటోలు. అందుకే పుస్తె కట్టే ఆచారమున్న ఇళ్లలో ముందే తోడిపెళ్లికూతురికి చెప్పి ఉంచాలి. ఆ వేళకు జుట్టంతా ముసుగుతో సహా ఒక భుజం మీదికి తెచ్చి పట్టుకుంటే పెళ్లికొడుకు వేళ్లకు చిక్కదు. చర్చిలో పెడెస్టల్ ఫ్యాను ఎటు తిప్పారో కూడా ఒకసారి చూసుకోవాలి. గాలి వెనకనుంచి వచ్చిందంటే ముసుగు, జుట్టు రెండూ కలిసి పాస్టరుగారి బైబిలు మీదికే!