బావి మనది, నీళ్లు ఎవరివి?

మొన్న ఆదివారం మదనపల్లె నుంచి కుప్పం వెళ్లాను, అక్కడ చదువుకుంటున్న మా మేనల్లుడికి నా పాత ల్యాప్‌టాపు ఇచ్చి రావడానికి. ముందురోజు రాత్రి లినక్స్ ప్యాకేజీలన్నిటినీ నవీకరించి, తృప్తిగా మూతపెట్టాను. అదే నేను చేసిన పొరపాటు.

పుంగనూరులో బస్సు ఆగినప్పుడు తెరిచి చూస్తే కొత్త కెర్నెల్ వచ్చింది, వైఫై పోయింది. డ్రైవరు దించుకోవాలంటే ఇంటర్నెట్ కావాలి, ఇంటర్నెట్ రావాలంటే డ్రైవరుండాలి. పెళ్లయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు! కుప్పం చేరాక ఫోనును తీగతో తగిలించి డ్రైవరు దించాను. అది కొత్త కెర్నెల్‌తో కంపైలు కానని మొరాయించింది. చివరికి పాత కెర్నెల్‌కే తిరిగివెళ్లాను.

"మళ్లీ అప్‌డేట్ చేయమంటే ఏం చేయాలి మామా?" అన్నాడు వాడు.

"చేయొద్దురా" అన్నాను. అంటే భద్రతా సవరణలు కూడా వద్దన్నట్టే. ఆ మాట నాకే సిగ్గనిపించింది.

ఇందులో లినక్స్ తప్పు లేదనను. కెర్నెల్ లోపలి ఏర్పాట్లు తరచూ మారుతుంటాయి, అవి స్థిరంగా ఉంటాయన్న హామీ ఎవరూ ఇవ్వరు. అయితే కెర్నెల్‌తో పాటే మూలం ఉన్న డ్రైవర్లను, ఆ మార్పు చేసినవారే సరిదిద్దుతారు. మూలం దాచిన డ్రైవరు మాత్రం తయారీదారు దయకోసం ఎదురుచూడాలి. యంత్రం పాతబడ్డాక ఆ దయ దొరకదు. బావిని అమ్మాను గాని నీళ్లు అమ్మలేదన్న కథలోని పెద్దమనిషి గుర్తొస్తాడు.

ఇది నేటి గోడు కాదు. 1980 ప్రాంతంలో ఎంఐటీలో ఒక ప్రింటరు ప్రోగ్రాము మూలం దొరకక విసిగిన రిచర్డ్ స్టాల్మన్, 1983లో గ్నూ ప్రకటించాడు. 2012లో లినస్ టోర్వాల్డ్స్ బహిరంగంగా తిట్టిన ఎన్విడియా, 2022 మేలో తన కెర్నెల్ మాడ్యూళ్ల మూలాన్ని బయటపెట్టింది. మిగతా భాగాలు మూసే ఉన్నా, తలుపు కొంతైనా తెరుచుకుంది. అడగగా అడగగా కదులుతారన్నమాట.

కుప్పానికి కంప్యూటర్లు కొత్తవి కావు. 2002లోనే హెచ్‌పీ అక్కడ ఐ-కమ్యూనిటీ పథకం ప్రారంభించింది. యంత్రాలు రావడం తేలికే, పదేళ్లు నిలవడమే కష్టం. బడులకు, కళాశాలలకు కంప్యూటర్లు కొనే ప్రభుత్వం, మూలం తెరిచిన డ్రైవర్లున్న యంత్రాలనే కొంటామని ఒక్క షరతు పెడితే చాలు. మనమూ కొనేముందు ధరతో పాటు ఆ ప్రశ్న అడుగుదాం.

కొన్న తరువాత అడిగితే జవాబిచ్చేవాడుండడు.