కంప్యూటరులో టీవీ: దారి ఏదైనా దూరం ముఖ్యం

కంప్యూటరులో టీవీ చూడడం ఎలాగని ఈమధ్య చాలామంది పెద్దలు నన్ను అడుగుతున్నారు. వైద్యుణ్ని అడగవలసిన ప్రశ్న కాదని మొదట్లో నవ్వి ఊరుకునేవాణ్ని. మెడనొప్పి, కళ్లమంట, నిద్రలేమి అంటూ వచ్చిన వారిలో కొందరిని కాస్త లోతుగా విచారించిన తరువాత ఆ నవ్వు పోయింది. ఏ దారిన చూస్తున్నామన్నది ఆరోగ్యానికి సంబంధించిన విషయమేనని నా అభిప్రాయం.

దారులు ప్రధానంగా మూడు. మొదటిది అంతర్జాలం. చాలా వార్తా ఛానళ్ల ప్రత్యక్ష ప్రసారం యూట్యూబులోనే దొరుకుతుంది. ప్రసార భారతి కూడా 2024 నవంబరులో ‘వేవ్స్’ అనే వేదికను ప్రారంభించింది. రెండవది ట్యూనర్. ఈ చిన్న పరికరాన్ని కంప్యూటరుకు తగిలించి, యాంటెన్నా ద్వారానో కేబుల్ ద్వారానో వచ్చే ప్రసారాన్ని అందుకోవచ్చు. అయితే మన ప్రాంతంలో వచ్చే ప్రసార పద్ధతికి అది సరిపోతుందో లేదో కనుక్కున్న తరువాతే కొనాలి. మూడవది ఒక హెచ్‌డీఎంఐ తీగతో కంప్యూటరును ఇంట్లోని టీవీకి కలపడం. అప్పుడు కార్యక్రమాన్ని తెచ్చేది కంప్యూటరు, చూపేది టీవీ.

ఈ మూడింటిలో నేను నిస్సందేహంగా సమర్థించేది మూడవదానినే. కారణం దూరం.

టీవీని ఆరేడు అడుగుల అవతల ఉంచి చూస్తాము. లాప్‌టాప్ రెండడుగుల లోపలే ఉంటుంది. దగ్గరి వస్తువును గంటల తరబడి చూస్తుంటే కంటిలోని కండరాలకు విశ్రాంతి ఉండదు. మామూలుగా నిమిషానికి పదిహేను సార్లయినా వాలే రెప్పలు, తెర మీద దృష్టి నిలిపినపుడు చాలా తక్కువసార్లు వాలుతాయి. కన్నీటి పొర ఆరిపోయి మంట పుడుతుంది. ఇది తెర కాంతి వలన కలిగే హాని కాదు, మనం చూసే తీరు వలన కలిగే శ్రమ. అందుచేత నీలికాంతిని ఆపే ఖరీదైన అద్దాలు కొనుక్కోవడం వృథా. కంప్యూటరు వాడకం కోసం అటువంటి అద్దాలు అవసరమని అమెరికా నేత్రవైద్యుల అకాడమీ కూడా చెప్పడం లేదు.

పెద్దవయసు వారికి మరొక చిక్కు ఉన్నది. బైఫోకల్ అద్దాలలో చదువుకోవడానికి పనికివచ్చే భాగం కింద ఉంటుంది. తెర ఎదురుగా ఉంటుంది. అక్షరాలు కనబడడానికి గడ్డం పైకెత్తి, తల వెనక్కి వాల్చి చూస్తారు. రెండు గంటల ధారావాహిక ముగిసేసరికి మెడ పట్టేస్తుంది. నొప్పికి మాత్రలు వేసుకునేముందు, కంప్యూటరు దూరానికి తగిన అద్దాలు వేరుగా రాయించుకోవడం మంచిది.

అన్నిటికంటె నన్ను కలవరపెట్టేది నిద్ర. పిల్లలు విదేశాలలో స్థిరపడిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు నిద్రమాత్ర రాయమని నా వద్దకు వచ్చారు. రాత్రి పడకమీద లాప్‌టాప్ పెట్టుకుని సినిమాలు చూస్తారట. ఒకటి ముగియగానే మరొకటి దానంతట అదే మొదలవుతుందట. “ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంటే భయం డాక్టరుగారూ, ఏదో ఒక గొంతు వినబడాలి” అన్నారు. ఆయన జబ్బు నిద్రలేమి కాదు, ఒంటరితనం. దానికి నా వద్ద మాత్ర లేదు.

1975-76లో ఉపగ్రహం ద్వారా మన రాష్ట్రంతో సహా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు టీవీ ప్రసారాలు అందించారు. ఊరికొక పెట్టె, దానిముందు ఊరంతా కూర్చునేది. ప్రసారం ముగియగానే లేచి ఇళ్లకు వెళ్లేవారు. ఆనాటి పేదరికాన్ని నేను కోరడం లేదు. కాని ఆ చూపులో దూరం ఉన్నది, తోడు ఉన్నది, ముగింపు ఉన్నది. ఒంటరిగా లాప్‌టాప్ ముందు కూర్చున్నపుడు మనం పోగొట్టుకుంటున్నవి ఈ మూడే.

వాటిని తిరిగి తెచ్చుకోవడం కష్టం కాదు. తీగతో టీవీకి కలిపి హాలులో కూర్చుని చూడండి. లాప్‌టాప్‌లోనే చూడక తప్పకపోతే తెర పైఅంచు కంటి ఎత్తుకు కొంచెం కిందుగా ఉండాలి. ఇరవై నిమిషాలకొకసారి ఇరవై అడుగుల దూరంలోని వస్తువును ఇరవై సెకన్లు చూడండి. అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయండి. తరువాతి భాగం దానంతట అదే మొదలయ్యే ఏర్పాటును ఆపివేయండి. పడకగదిలోకి లాప్‌టాప్‌ను రానీయకండి. ఇంట్లో పసివారుంటే మరింత జాగ్రత్త అవసరం. ఏడాది లోపు శిశువులకు తెర అసలే వద్దనీ, రెండు నుండి నాలుగేళ్ల వారికి రోజుకు గంట మించరాదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది.

విదేశాలలోని పిల్లలకు కూడా ఒక మాట. అమ్మానాన్నలకు లాప్‌టాప్ కొనిపెట్టి, ఛానళ్లు ఎక్కడ ఉంటాయో చూపించి వెళ్లడం మంచిదే. ఆ రాత్రి తొమ్మిదింటికి ఒకసారి ఫోను చేసి, “ఇక కట్టేసి పడుకో నాన్నా” అనడం అంతకంటె మంచిది.