దారి ఉంది, బస్సు లేదు

ఇంగ్లండు పల్లెల్లో నడక గురించి స్త్రీల హక్కుల పత్రికలో రాయడమేమిటని కొందరికి అనిపించవచ్చు. మన దగ్గర నీళ్ళకీ కట్టెలకీ మైళ్ళు నడిచే ఆడవాళ్ళుండగా, సరదాకి కొండలెక్కేవాళ్ళ గోడు మనకెందుకని అడగవచ్చు. పరిశోధన పనిమీద షెఫీల్డ్‌లో కొన్ని నెలలున్నప్పుడు, కారు లేకుండా రైళ్ళనీ బస్సుల్నీ నమ్ముకుని సెలవురోజు నడకలకు వెళ్ళేదాన్ని. ఆ ప్రయాణాలకి ప్రణాళిక వేసుకుంటున్నప్పుడే ఒక సంగతి స్పష్టంగా కనబడింది. చట్టం కాగితం మీద ఇచ్చిన హక్కు ఆడవాళ్ళ కాళ్ళదాకా రావాలంటే మధ్యలో ఇంకేదో ఉండాలి. అది లేకపోతే ఏమవుతుందన్న ప్రశ్న మనకేమీ కొత్త కాదు.

ముందు ఆ హక్కు సంగతి చెప్పుకోవాలి. ఇంగ్లండు, వేల్స్ కలిపి దాదాపు 1,40,000 మైళ్ళ దారుల మీద ప్రజలకు నడిచే హక్కుంది. ఇవన్నీ ప్రభుత్వ భూముల్లోని బాటలు కావు. చాలావరకు ఎవరో ఒకరి పొలంలోంచి, పచ్చికబయలు మీదుగా, గొర్రెల దొడ్డి పక్కనుంచి పోతాయి. భూమి ఆసామిదే, దారి మాత్రం అందరిదీ. 1949 నాటి చట్టం ప్రకారం కౌన్సిళ్ళు వీటిని పటాలకెక్కించాయి. ఆర్డ్‌నెన్స్ సర్వే వారి 1:25,000 పటంలో ఆకుపచ్చ గీతలుగా కనిపించేవి ఇవే. చేనుకి అడ్డంగా పోయే బాటని రైతు దున్నేస్తే మామూలుగా 14 రోజుల్లోగా మళ్ళీ వేసి ఇవ్వాలి. ఎవరైనా అడ్డం పెడితే తీయించే బాధ్యత కౌన్సిల్‌ది. 2000లో వచ్చిన మరో చట్టం గుర్తించిన కొండలు, బీళ్ళు, ఉమ్మడి భూముల్లో బాట విడిచి తిరిగే హక్కును కూడా ఇచ్చింది.

ఇదేదీ భూస్వాముల దయవల్ల రాలేదు. 1932 ఏప్రిల్ 24న సుమారు 400 మంది, ఎక్కువగా మాంచెస్టర్ చుట్టుపక్కల కార్మిక యువతీయువకులు, హేఫీల్డ్ నుంచి బయల్దేరి వేటకోసం మూసేసిన కిండర్ స్కౌట్ కొండ మీదికి వెళ్ళారు. ఐదుగురికి జైలుశిక్ష పడింది. ఐదుగురూ మగవాళ్ళే కాబట్టి ఈ కథ చెప్పేవాళ్ళు ఎక్కువగా వాళ్ళ పేర్లే చెబుతారు. నడిచి వచ్చిన అమ్మాయిలు ‘మిగతావారు’ అయిపోయారు. ఇలాంటిది అక్కడ అదే మొదలు కాదు. 1818లో డొరొతీ వర్డ్స్‌వర్త్ తన స్నేహితురాలితో కలిసి ఇంగ్లండులో అన్నిటికన్నా ఎత్తైన స్కాఫెల్ పైక్ ఎక్కి, ఆ అనుభవాన్ని ఉత్తరంలో రాసింది. ఆమె అన్నగారు, మహాకవి, దాన్ని తన యాత్రాదర్శినిలో వాడుకున్నాడు, ఆమె పేరు లేకుండా.

హేఫీల్డ్ దగ్గర ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ రోజుల్లో పట్నంలో కార్మికులు సెలవురోజున గుంపులు గుంపులుగా రైలెక్కి ఈ ఊళ్ళో దిగేవారు. 1970లో ఆ రైలు మార్గాన్ని మూసేశారు. స్టేషన్ ఉన్నచోట ఇప్పుడు కార్లు నిలుపుకునే స్థలం ఉంది. కొండ మీద హక్కు గెలిచారు. ఆ కొండకి చేర్చిన రైలు పోయింది.

బస్సుల సంగతి ఇంకా అన్యాయం. 1985 నాటి రవాణా చట్టంతో, 1986 అక్టోబరు నుంచి, లండన్ తప్ప మిగతా దేశమంతా బస్సుల్ని ప్రైవేటు కంపెనీలకి వదిలేశారు. లాభం వచ్చే దారిలో కంపెనీ నడుపుతుంది. లాభం రాని దారిలో కావాలంటే కౌన్సిల్ డబ్బు పెట్టి నడిపించుకోవాలి. 2010 తర్వాత కౌన్సిళ్ళకి నిధులు కోసేసరికి మొదట పోయినవి ఇవే: సాయంత్రం బస్సులు, ఆదివారం బస్సులు, పల్లె బస్సులు. ఫలానా ఊరికి బస్సు ఉండి తీరాలని చట్టం చెప్పదు. బాట మీద ముళ్ళకంప వేస్తే ఫిర్యాదు చేయవచ్చు. ఆ బాట దగ్గరికి చేర్చే బస్సు ఆగిపోతే నోటీసు అతికిస్తారు, అంతే.

బస్సుల్లో ఎక్కువగా తిరిగేది ఎవరు? అక్కడా ఆడవాళ్ళే. డ్రైవింగు లైసెన్సు ఉన్నవాళ్ళు మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలో తక్కువ. ఇక మనవాళ్ళ విషయానికొస్తే, ఇండియా లైసెన్సుతో అక్కడ స్థిరపడినవాళ్ళు ఏడాదే నడపగలరు. ఆపైన మళ్ళీ పరీక్షలు రాసి, బండి కొని, భీమా కట్టాలి. ఇంట్లో ఒక్క కారుంటే తాళాలు ఎవరి జేబులో ఉంటాయో వేరే చెప్పక్కర్లేదు.

కారున్నవాళ్ళు ముందు కొండని ఎంచుకుంటారు. మనం ముందు ఆఖరి బస్సుని చూసుకోవాలి. అక్కడినుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావాలి. టైంటేబుల్లో అంకెలకన్నా కింద చిన్న అక్షరాలు ముఖ్యం: బడి ఉన్న రోజుల్లో మాత్రమే, ఆదివారం లేదు, పండగ సెలవుల్లో లేదు. డిసెంబరులో నాలుగు గంటలకే పొద్దు గుంకుతుంది. నడక వేగానికి 1892లో నైస్మిత్ అనే ఆయన ఒక సూత్రం చెప్పాడు. మూడు మైళ్ళకి ఒక గంట, ప్రతి రెండువేల అడుగుల ఎత్తుకి ఇంకో గంట. ఆయన చంకలో బిడ్డతో లెక్క వేసి ఉండడు. మరుగుదొడ్డి ఎక్కడుందో కూడా ముందే పటంలో గుర్తుపెట్టుకోవాలి. వాటిని కట్టించి తీరాలన్న బాధ్యత కూడా కౌన్సిళ్ళకి లేదు.

ఒక సుఖం మాత్రం ఉంది. కారు పెట్టినచోటికే తిరిగి రావాలన్న బెంగ ఉండదు. ఒక స్టేషన్లో దిగి ఇంకో స్టేషన్లో ఎక్కవచ్చు. మాంచెస్టర్, షెఫీల్డ్‌ల మధ్య హోప్ లోయలో పోయే రైలు మార్గం ఇందుకు ఎంతో అనువు. 1963లో బీచింగ్ నివేదిక మూసేయమన్న వాటిలో ఇదీ ఉంది, ఎలాగో బతికింది. ఈడేల్‌లో దిగి హాలిన్స్ క్రాస్ ఎక్కి, గట్టు వెంట లూజ్ హిల్ మీదుగా నడిచి హోప్‌లో రైలెక్కవచ్చు. హాలిన్స్ క్రాస్ దగ్గర కూర్చుని తింటున్నప్పుడు తెలుసుకోవాల్సిన సంగతొకటుంది. ఒకప్పుడు ఈడేల్ నూలుమిల్లులో పనిచేసే ఆడవాళ్ళు కాసిల్టన్ నుంచి ఈ కనుమ దాటి పనికి వెళ్ళేవారు. మనకి విహారమైన దారి వాళ్ళకి కూలికి పోయే దారి.

అదే గట్టు చివర మామ్ టోర్ ఉంది. 2021 క్రిస్మస్ రోజున ఒక ముస్లిం నడక బృందం ఆ కొండ ఎక్కితే, వాళ్ళ ఫొటోల కింద జాతివిద్వేషపు రాతలు కురిశాయి. హక్కు అందరిదీ అని చట్టం అన్నా, ఎవరిని చూసి ‘వీళ్ళకిక్కడేం పని’ అనుకుంటారో అందరికీ తెలుసు. నల్లజాతి స్త్రీలు 2019లో తమ సొంత నడక బృందం పెట్టుకున్నది ఊరికే కాదు.

ఒక శనివారం మేం ముగ్గురం వెళ్ళాం. కావలినుంచి వచ్చి అక్కడి ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్న ఒకామె, వరంగల్ నుంచి చదువుకోడానికి వచ్చిన అమ్మాయి, నేను. సాయంత్రం ఐదూనలభైకి రావాల్సిన ఆఖరి బస్సు రాలేదు. లోయలో ఫోను పలకలేదు. చీకటి పడుతుంటే ఒకాయన కారాపి ఎక్కమన్నాడు. మంచివాడే కావచ్చు. ఊరుకాని ఊళ్ళో, మసక వెలుతురులో, ఆ తూకం వేయాల్సిన పని ఆడవాళ్ళ మీదే ఎందుకు పడాలి? నాలుగు మైళ్ళు నడిచి రైల్వేస్టేషన్ చేరాం. అది తారురోడ్డు. పక్కన కాలిబాట లేదు, కార్లు ఒంటికి రాసుకుంటూ పోయాయి. మర్నాడు పొద్దున్న ఏడింటికి డ్యూటీ ఉన్న నర్సు దారిలో అంది: “బాట మూస్తే కేసు పెట్టొచ్చంటివే, బస్సు మూస్తే ఎవుర్ని అడగాలక్కా?”

మేం పటంలో గుర్తుపెట్టుకున్న దారుల్లో సగానికి పైగా ఆమెకి సెలవు దొరికే ఆదివారాల్లో చేరుకోలేనివే. చివరికి రైలు ఆగే చోట్లకే కుదించుకున్నాం.

ఇది మారనిది కాదు. గ్రేటర్ మాంచెస్టర్ 2025 జనవరి నాటికి తన బస్సులన్నిటినీ మళ్ళీ ప్రభుత్వ అదుపులోకి తెచ్చుకుంది. దారులూ వేళలూ ఛార్జీలూ ఇప్పుడు కంపెనీలు కాక అక్కడి పాలకమండలి నిర్ణయిస్తుంది. ఒక్కసారి ప్రయాణానికి ఛార్జీ మించకూడదని ఇంగ్లండు ప్రభుత్వం పరిమితి పెట్టింది కూడా, 2023లో 2 పౌండ్లు, 2025 నుంచి 3 పౌండ్లు. అయితే ఛార్జీ తగ్గించడం ఒకటి, బస్సు నడపడం ఒకటి. పింఛను వయసు దాటినవాళ్ళకి 2008 నుంచి దేశమంతా ఉచిత పాసుంది. పల్లెల్లో ఎందరో ముసలమ్మల సంచిలో ఆ పాసు భద్రంగా ఉంటుంది. ఊళ్ళోకి బస్సు రాదు.

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. దాన్ని ఎగతాళి చేసేవాళ్ళతో నేను కలవను. కూలికీ, ఆసుపత్రికీ, పుట్టింటికీ చెయ్యి చాపకుండా వెళ్ళగలగడం చిన్న విషయం కాదు. మన సంస్థలు ఈ పథకం మీద చేస్తున్న సర్వే పత్రాలు కొన్ని చూశాను. ఉచిత టికెట్ వాడుతున్నారా, నెలకెంత మిగులుతోంది అన్న ప్రశ్నలున్నాయి. మీ ఊరికి ఆఖరి బస్సు ఎన్నింటికి, నైట్ హాల్ట్ బస్సు ఉందా తీసేశారా, ఆదివారం వస్తుందా అన్న ప్రశ్నలు వాటిలో లేవు.