లంగరుకూ చుక్కానికీ నడుమ

ఒంటరిగా తెరచాప పడవపై భూగోళాన్ని చుట్టివచ్చిన మొట్టమొదటి నావికుడు జాషువా స్లోకమ్. 1895 ఏప్రిల్ 24న అమెరికాలోని బోస్టన్ రేవును విడిచి, 1898 జూన్ 27న న్యూపోర్టు చేరుకున్న ఆయన తన ‘స్ప్రే’ పడవను గురించి ఒక విశేషం చెప్పాడు. థర్స్‌డే దీవి నుంచి హిందూ మహాసముద్రంలోని కీలింగ్ కోకోస్ దీవుల వరకు సుమారు 2,700 మైళ్ళ దూరాన్ని ఆయన 23 రోజుల్లో దాటాడు. ఆ రోజులన్నిటిలోనూ ఆయన చుక్కాని పట్టిన సమయం మొత్తం మూడు గంటలకు మించలేదు. చివర రేవులోకి ప్రవేశించడానికి పట్టిన సమయం కూడా ఆ మూడు గంటల్లోనే చేరి ఉంది.

ఒంటరి నావికుని కష్టం ఎక్కడ ఉన్నదో ఈ లెక్కే చెబుతుంది. నడిసముద్రంలో, సరిగా సర్దిన తెరచాపలు, కట్టివేసిన చుక్కాని పడవను తమంతట తామే నడుపుకుపోతాయి. ఈనాడు గాలివాటాన్ని అనుసరించి చుక్కానిని తిప్పే పరికరాలు కూడా ఉన్నాయి. నావికుడు వంట చేసుకోవచ్చు, కునుకు తీయవచ్చు. తీరం సమీపించినప్పుడే రెండో మనిషి లేని లోటు అతనికి తెలిసివస్తుంది. 2012-13లో మన అభిలాష్ టోమీ చేసినట్లు ముంబయి నుంచి బయలుదేరి, ఎక్కడా ఆగకుండా లోకాన్ని చుట్టి ముంబయికే చేరుకునే యాత్రలో లంగరుతో పని అంతగా ఉండదు. కాని ఒంటరిగా పడవలు నడిపేవారిలో అత్యధికులు తీరం వెంట ఒక రేవు నుంచి మరొక రేవుకు ప్రయాణించేవారే. వారికి లంగరు నిత్యావసరం. ఆ లంగరు ఉండేది పడవ ముందు కొసన; చుక్కాని ఉండేది వెనుక కొసన. రెండు చోట్లా ఒకే క్షణంలో మనిషి కావాలి.

లంగరు వేయడమంటే ఒక బరువును నీటిలో పడవేయడం మాత్రమే కాదు. పడవను గాలికి ఎదురుగా తిప్పి నిలపాలి. అది మెల్లగా వెనక్కు జరగడం ప్రారంభించగానే లంగరును నేలకు దించి, వెనక్కు జరిగిన కొద్దీ గొలుసు వదలుతూ పోవాలి. నీటి లోతు, నీటిమట్టం నుంచి పడవ ముక్కు ఎత్తు, పోటుకు పెరిగే నీరు, ఈ మూడింటినీ కలిపి, దానికి ఐదు రెట్ల గొలుసు వదలడం సాధారణమైన లెక్క. 8 మీటర్ల లోతు, ఒకటిన్నర మీటర్ల ఎత్తు, ఒకటిన్నర మీటర్ల పోటు అయితే 55 మీటర్ల గొలుసు కావాలన్నమాట. గొలుసు నేలమీద పొడవుగా పరచుకున్నప్పుడే లాగుడు అడ్డంగా పడి, లంగరు మొన మట్టిలోకి దిగుతుంది. గొలుసు చాలకపోతే లాగుడు పైకి పడి లంగరు ఊడివస్తుంది.

ఒంటరివాడు పడవను నిలిపి, చుక్కాని వదలి, ముప్ఫై అడుగుల దూరంలోని ముందు కొసకు చేరేలోపల గాలి పడవ ముక్కును పక్కకు తిప్పివేస్తుంది. లంగరు ఎత్తేటప్పుడు ప్రమాదం ఇంకా ఎక్కువ. అది నేలను విడిచిన క్షణం నుంచి పడవకు ఆధారం లేదు. సరిగ్గా ఆ క్షణంలో మనిషి ముందు కొసన గొలుసు దగ్గర వంగి ఉంటాడు. చుక్కాని దగ్గర ఎవరూ ఉండరు. పక్కనే రాళ్ళు ఉండవచ్చు, మరొకరి పడవ ఉండవచ్చు.

పెద్ద ఓడలలో పూర్వం ఈ పనికి జనం ఉండేవారు. నిలువుగా పాతిన పెద్ద దిమ్మకు అడ్డకర్రలు తగిలించి, నావికులు గానుగ తిప్పినట్లు దాని చుట్టూ తిరుగుతూ లంగరు ఎత్తేవారు. నేటి చిన్న పడవలో ఆ పనిని విండ్లాసు అనే యంత్రం చేస్తుంది. గొలుసు కడియాలు ఇమిడేటట్లు గుంటలు తీసిన ఒక చక్రం, దానిని తిప్పే విద్యుత్ మోటారు ఇందులో ముఖ్యమైనవి. 10 మిల్లీమీటర్ల గొలుసు మీటరుకు సుమారు 2.3 కిలోలు తూగుతుంది. 15 మీటర్ల లోతు నుంచి ఆ గొలుసును, 20 కిలోల లంగరును పైకి తీయాలంటే, నీటిలో తగ్గే బరువును మినహాయించినా, దాదాపు 50 కిలోలు ఎత్తవలసి ఉంటుంది.

ఈ యంత్రాన్ని చుక్కాని దగ్గర నుంచే నడిపించడం ఎట్లా? 12 వోల్టుల బ్యాటరీతో 1,000 వాట్ల మోటారు తిరగాలంటే 80 ఆంపియర్లకు పైగా విద్యుత్తు ప్రవహించాలి. అంతటి ప్రవాహాన్ని చేతిలోని చిన్న మీట భరించలేదు. అందువల్ల మోటారుకు వెళ్ళే లావు తీగల మార్గంలో ఒక విద్యుదయస్కాంతపు స్విచ్చిని అమర్చుతారు. చేతి మీట నుంచి సన్నని తీగ ద్వారా గాని, రేడియో తరంగాల ద్వారా గాని వెళ్ళే స్వల్పమైన సంకేతం ఆ స్విచ్చిని కదిలిస్తుంది. అది పెద్ద ప్రవాహాన్ని వదలుతుంది. కారు తాళంచెవి తిప్పినప్పుడు జరిగేది ఇదే. మన పల్లెలలో రైతు ఇంట్లో కూర్చుని సెల్‌ఫోనుతో బోరు మోటారును నడిపించడంలోనూ ఉన్నది ఇదే సూత్రం. చక్రంలో చిన్న అయస్కాంతాన్ని బిగిస్తే, దాని చుట్లను లెక్కించి ఎన్ని మీటర్ల గొలుసు దిగిందో చూపే పరికరాన్ని కూడా చుక్కాని దగ్గర పెట్టుకోవచ్చు.

ఇంతటితో రెండో మనిషి దొరికినట్లేనని భావిస్తే పొరపాటు. రెండో మనిషి చేతులు దొరికాయి గాని, అతని కళ్ళు దొరకలేదు. పైకి వచ్చే గొలుసు అరలో ఒకేచోట కుప్పగా పేరుకుని, చక్రం కింద బిగుసుకుపోవచ్చు. నీటిపైకి వచ్చిన లంగరు ఊగి పడవ ముక్కును దెబ్బకొట్టవచ్చు. స్విచ్చి లోపలి లోహపు మొనలు వేడికి అతుక్కుపోతే, మీట వదలినా మోటారు ఆగదు. జేబులోని బటను పొరపాటున నొక్కుకుంటే నడిదారిలోనే లంగరు జారిపోతుంది. కనుక ప్రధాన విద్యుత్ మార్గాన్ని తెంచే స్విచ్చి చుక్కానికి చేరువలో ఉండాలి. లంగరుతో పని లేనప్పుడు అది ఆపివేసి ఉండాలి. మోటారు చెడినప్పుడు చేత్తో తిప్పే కడ్డీ కూడా పడవలో తప్పనిసరి.

మరొక నియమం ఉన్నది. విండ్లాసు గొలుసును ఎత్తడానికే గాని పడవను లాగడానికి కాదు. ఎత్తేటప్పుడు ఇంజనును నెమ్మదిగా ముందుకు నడిపి గొలుసును వదులు చేసి, ఆ వదులును మాత్రమే చుట్టుకోవాలి. చుక్కాని, ఇంజను, విండ్లాసు మూడూ ఒకే మనిషి చేతికి అందినప్పుడు ఈ పని నిజానికి ఇద్దరు కేకలు వేసుకుంటూ చేసేదానికన్నా సాఫీగా సాగుతుంది. ఇక లంగరు నిలిచిన తరువాత గాలి ఒత్తిడిని యంత్రం మీద ఉంచకూడదు. గొలుసుకు నైలాను తాడు తగిలించి, ఆ తాడును పడవలోని గట్టి గూటానికి కట్టాలి. ఈ ముడి వేయడానికి మాత్రం మనిషి ముందు కొసకు వెళ్ళవలసిందే.

ఆ నడకను పూర్తిగా తప్పించే యంత్రం లేదు. దూరం నుంచి పనిచేసే మీట చేసే ఉపకారమల్లా, ఆ నడకకు తగిన సమయాన్ని ఎంచుకునే స్వేచ్ఛ ఇవ్వడమే. అనుభవజ్ఞుడైన నావికుడు లంగరు వేయకముందే, ఇంకా విశాలమైన నీటిలో ఉండగానే, ముందుకు వెళ్ళి లంగరు కట్లు విప్పి, గొలుసు అర చూసివస్తాడు. లంగరు గట్టిగా పట్టుకున్నదని తేలిన తరువాత వెళ్ళి తాడు కడతాడు. ఎత్తేటప్పుడు చివరి కొద్ది మీటర్ల గొలుసు మిగలగానే మీట వదలి, పడవను రాళ్ళకూ ఇతర పడవలకూ దూరంగా మళ్ళించి, ఆపై వెళ్ళి లంగరును కళ్ళారా చూస్తూ దాని చోటికి చేరుస్తాడు. పడవకు ఆధారం లేని ఆ కొద్ది క్షణాలలో మాత్రం అతని చేయి చుక్కానిని విడువదు.