ఇంట్లో మాట కూడా వైద్యమే

స్కిజోఫ్రీనియాతో ఆస్పత్రిలో చేరినవాళ్లు తేరుకుని ఇంటికి బయల్దేరే రోజున, చాలాచోట్ల వాళ్ల చేతికి అందేవి ఒక డిశ్చార్జి చీటీ, నెలకు సరిపడా మాత్రలు, మళ్లీ చూపించుకోవాల్సిన తేదీ. మాత్రలు ఏ పూట వేయాలో చెబుతారు. మానేస్తే జబ్బు తిరగబెడుతుందని హెచ్చరిస్తారు. ఆ మనిషితో ఇంట్లో ఎలా మెలగాలో మాత్రం చెప్పేవాళ్లుండరు. జబ్బు తిరగబెట్టడానికీ ఇంట్లో మాటతీరుకూ సంబంధం ఉందని తెలిసి యాభై ఏళ్లు దాటినా ఇదే పరిస్థితి.

1950ల చివర లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే సామాజిక శాస్త్రవేత్త, ఆస్పత్రి నుంచి ఇళ్లకు వెళ్లిన రోగులు ఎలా ఉన్నారో ఆరా తీశారు. తల్లిదండ్రుల దగ్గరికో, భార్య లేదా భర్త దగ్గరికో చేరినవాళ్లకన్నా అద్దె గదుల్లో, తోబుట్టువుల ఇళ్లలో ఉన్నవాళ్లే మెరుగ్గా ఉన్నారు. అయినవాళ్ల మధ్య ఉంటే త్వరగా కోలుకుంటారన్న నమ్మకానికి ఇది పూర్తిగా ఎదురు. కారణం వెతుకుతూ వెళ్లిన బ్రౌన్, మరో ఇద్దరితో కలిసి 1972లో 101 మంది రోగుల వివరాలు ప్రచురించారు. ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి రోగి గురించి మాట్లాడించారు. వాళ్ల మాటల్లో ఎత్తిపొడుపులెన్ని, కసురుకోవడం ఎంత, అతిగా కమ్ముకునే ప్రేమ ఎంత అని లెక్కగట్టారు. ఏమన్నారన్నదే కాదు, ఏ గొంతుతో అన్నారన్నదీ లెక్కలోకి తీసుకున్నారు. ఈ ధోరణి ఎక్కువగా ఉన్న ఇళ్లలో తొమ్మిది నెలల్లోపే 58 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. తక్కువగా ఉన్న ఇళ్లలో అది 16 శాతమే.

కసురుకోవడం హాని చేస్తుందంటే ఎవరైనా ఒప్పుకుంటారు. అతి ప్రేమ సంగతే మింగుడుపడదు. ముప్ఫై ఏళ్ల కొడుకును వీధి చివరి కొట్టుకు కూడా ఒంటరిగా పంపని తండ్రి, కూతురు కాస్త పరధ్యానంగా కనిపిస్తే చాలు రాత్రంతా మేలుకుని కూర్చునే తల్లి మన ఇళ్లలో తక్కువేం కాదు. మరి లండన్ కొలబద్ద మనకు సరిపోతుందా? 1980ల్లో ఎన్.ఎన్. విగ్, జూలియన్ లెఫ్ తదితరులు చండీగఢ్‌లో ఇదే పరిశీలన చేశారు. లండన్‌తో పోలిస్తే అక్కడి కుటుంబాల్లో ఎత్తిపొడుపులూ కసుర్లూ చాలా తక్కువ. దాదాపు పావు వంతు ఇళ్లలోనే ఆ ధోరణి ఎక్కువగా కనిపించింది. రోగిని ఛీకొట్టే శత్రుభావం ఉన్నచోట మాత్రం అక్కడ కూడా జబ్బు తిరగబెట్టింది. అంటే మన ఇళ్లలో సహజంగానే ఓ బలం ఉంది. దాన్ని నిలబెట్టే పని వైద్య వ్యవస్థ చేయడం లేదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. స్కిజోఫ్రీనియా కుటుంబం వల్ల రాదు. 1948లో ఫ్రీడా ఫ్రామ్-రైష్మన్ అనే మనోవైద్యురాలు తల్లి పెంపకానికే ఈ జబ్బును అంటగట్టారు. ఆ నింద మోస్తూ ఎందరు తల్లులు ఏళ్లకేళ్లు కుమిలిపోయారో ఊహించడానికే కష్టంగా ఉంటుంది. ఆ వాదనను విజ్ఞానం ఎప్పుడో పక్కన పెట్టింది. పైగా జబ్బుకూ ఇంటి మాటతీరుకూ మధ్య ప్రభావం రెండు వైపులా పనిచేస్తుంది. రాత్రిళ్లు నిద్రపోని, స్నానం చేయని, తనపై కుట్ర జరుగుతోందని తలుపులు బిగించుకునే మనిషితో ఏళ్ల తరబడి కాపురం చేసేవాళ్లకు ఓపిక నశించడంలో వింతేముంది? ఆ ప్రవర్తన బద్ధకం కాదు, జబ్బు లక్షణమని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ‘లేచి పని చూసుకుంటే అన్నీ సర్దుకుంటాయి’ అని రోజుకు పదిసార్లు అనే అన్నయ్య తమ్ముడి మేలు కోరే అంటున్నాడు. మాత్రలు సక్రమంగా వేసుకునేవాళ్లకు ఇంటి ఒత్తిడి నుంచి కొంత రక్షణ ఉంటుందని 1976లోనే తేలింది. కాబట్టి మందు మానేసి మంచిమాటలతో సరిపెట్టమని కాదు, మందుకు మాట తోడవ్వాలి.

ఈ తోడు కోసం మనం పరాయి దేశాల వైపు చూడనక్కర్లేదు. 1950ల్లో అమృత్‌సర్ మానసిక వైద్యశాల అధిపతి డాక్టర్ విద్యాసాగర్, ఆవరణలో గుడారాలు వేయించి రోగుల బంధువులను అక్కడే ఉంచారు. రోగి ఎందుకలా ప్రవర్తిస్తున్నాడో, తాము ఎలా మసలుకోవాలో వాళ్లు అక్కడే చూసి నేర్చుకున్నారు. తర్వాత వేలూరు సీఎంసీలో కూడా కుటుంబం రోగి వెంటే ఉండే పద్ధతి వచ్చింది. ఇటీవలి ఆధారమూ ఉంది. గోవా, సతారా, తమిళనాడుల్లో 282 మందిపై జరిగి 2014లో వెలువడిన అధ్యయనంలో, శిక్షణ పొందిన సామాన్య కార్యకర్తలు ఇళ్లకు వెళ్లి రోగితోనూ కుటుంబంతోనూ పనిచేశారు. ఆస్పత్రి వైద్యం ఒక్కటే అందినవాళ్లకన్నా వీళ్ల లక్షణాలు, రోజువారీ ఇబ్బందులు ఎంతోకొంత తగ్గాయి. ఆ మెరుగుదల పెద్దదేమీ కాదు. కానీ ఆ పని చేసింది స్పెషలిస్టులు కారు, ఊళ్లోవాళ్లు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్, రోగి కుటుంబానికి తోడ్పడే సేవలనూ ఇంటివద్ద పునరావాసాన్నీ ప్రభుత్వ బాధ్యతల్లో చేర్చింది. ఆ అక్షరానికి రెండు తెలుగు రాష్ట్రాలూ డబ్బు కేటాయించాలి. ప్రతి జిల్లా ఆస్పత్రిలో కుటుంబంతో మాట్లాడటమే ప్రధాన పనిగా ఉండే సైకియాట్రిక్ సోషల్ వర్కర్ ఉద్యోగాలు మంజూరు చేయాలి. రోగిని పంపే ముందు ఇంట్లోవాళ్లతో ఒక గంట కూర్చోకుండా డిశ్చార్జి చీటీపై సంతకం పెట్టకూడదన్న నిబంధన రావాలి. మొదటి మూడు నెలలు ఆశా కార్యకర్త గడప తొక్కి రావాలి, అందుకు ఆమెకు విడిగా పారితోషికం ఇవ్వాలి. అర్ధరాత్రి అన్నయ్యకు ఓపిక నశించినప్పుడు తెలుగులో మాట్లాడే మనిషి దొరికే 14416 టెలీ మానస్ నంబరును ఆ చీటీ మీద పెద్దక్షరాలతో అచ్చువేయాలి.